హూటర్ మోగకుండా కదిలిన బెల్టు

"హూటర్ మోగలేదా, మోగినా నీకు ఇనరాలేదా? బాగ యాది చేసుకొని చెప్పు తాయప్పా."

రాయచూరు దవాఖానలో సోమవారం ఉదయం పది గంటలు. తాయప్ప కుడి చేతికి మోచేతి దాకా కట్టు ఉంది. ఆ కట్టు లోపల రెండు వేళ్లు లేవు. శనివారం సిరవార రోడ్డులోని శ్రీతుంగ పవర్ ప్లాంటులో, ఆగి ఉన్న బెల్టు మీద ఊక ఊడుస్తుండగా, ఆ బెల్టు ఉన్నట్టుండి కదిలింది.

"మోగలేదమ్మా. హూటర్ మోగినంక పది లెక్కపెట్టేదాంక బెల్టు కదలదు. పద్నాలుగు నెల్ల సంది గట్లనే ఉన్నది. నేను ఐదుకే దిగిపోత."

"ఎట్ల కదిలింది? ఒక్కసారే ఉరికిందా?"

తాయప్ప ఎడమ చేతి వేలితో మంచం ఇనుప పట్టీ మీద రెండుసార్లు కొట్టాడు, ఆగాడు, మళ్లీ రెండుసార్లు కొట్టాడు. "గిట్ల. రెండు మాట్ల గుంజె, ఆగె, మళ్ల రెండు మాట్ల గుంజె. మోటర్ షురూ అయితే ఒకటే తీరుగ పోవాలె గద? మొదటి గుంజుకు కాలు జారింది. రెండోదానికి చెయ్యి రోలర్ల పడ్డది."

అంబుజ ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసుకుంది. పోలీసు వైర్‌లెస్ విభాగంలో ఇరవై రెండేళ్లు చెవికి తగిలించుకున్న హెడ్‌ఫోనుతో బతికిన మనిషి ఆమె. ఉద్యోగం వదిలి ప్రైవేటు డిటెక్టివ్ అయినా చెవి మాత్రం పాతదే. మనిషి చెప్పిన కథ మారుతుంది గానీ విన్న చప్పుడు మారదని ఆమె గట్టి నమ్మకం. ఈ కేసుకు ఆమెను పంపింది ప్లాంటుకు బీమా చేసిన కంపెనీ.

"నేత్రమ్మను పట్కపోతరంట, నిజమేనా?" అన్నాడు తాయప్ప.

"రెండు గంటలకు పోలీసులొస్తున్నరు. బెల్టు నడిపే డబ్బ చేసింది ఆమెనే గద."

"ఆమె నా చెయ్యి కొలిచిందమ్మా."

"ఏంది?"

"డబ్బ పెట్టేముందు మూడు దినాలు నా ఎంబడి బెల్టు మీద కూసున్నది. చెయ్యి తీసేందుకు ఎన్ని సెకండ్లు, దిగేందుకు ఎన్ని సెకండ్లు, అన్నీ గడియారం పెట్టి చూసింది. గా లెక్క తోనే హూటర్‌కు పది పెట్టింది. గంత చూసినామె గిట్ల చేస్తదా?"

ఇది సాక్ష్యం కాదు, అభిమానం. అయినా అంబుజ దాన్ని కూడా రాసుకుంది.

పదకొండున్నరకు ఆమె ప్లాంటు కంట్రోల్ రూములో ఉంది. కాలువ కింది రైసుమిల్లుల ఊకను తగలబెట్టి కరెంటు తీసే చిన్న ప్లాంటు అది. ఊక మోసే బెల్టులు మూడు. నాలుగోది బెల్టు కాదు, ఊక గుంత అడుగున తిరిగే ఇనుప స్క్రూ, బండెడు ఊకనైనా నలిపి లాగేస్తుంది. ఒక్కోదానికి ఒక్కో డబ్బా, నాలుగూ నేత్ర చేసినవే. నవమి పూజ అయ్యాక బాయిలరు శుభ్రం చేయడానికి బుధవారం నుంచి ప్లాంటు ఆపారు. శనివారం మళ్లీ మొదలెడుతుండగా ఈ ప్రమాదం జరిగింది.

అక్కడ ముగ్గురు ఉన్నారు. నడివయసు దాటిన జనరల్ మేనేజరు యోగానంద్, తెల్ల చొక్కా నలగని మనిషి. ఆయన బెంగళూరు నుంచి పిలిపించిన నిపుణుడు విశాల్. గోడ పక్క కుర్చీలో నేత్ర. ఆమెకు ఇరవై ఆరేళ్లు. రాయచూరు పత్తి బజారులో తండ్రి దుకాణం పైగదిలోనే ఆమె కార్ఖానా. ఒళ్లో లావుపాటి నోటుబుక్కు ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి గానీ, ఏడ్చి ఊరుకున్న కళ్లలా లేవు, నిద్ర లేక లెక్కలు కట్టిన కళ్లలా ఉన్నాయి.

"రిపోర్టు తయారైపోయింది మేడం," అన్నాడు విశాల్, అరవై నాలుగు పేజీల కట్టను ముందుకు తోసి. "కంట్రోల్ రూము కంప్యూటరులో టైములన్నీ ఉన్నాయి. పది గంటల నలభై రెండు నిమిషాల పది సెకన్లకు మెయిన్ స్విచ్ వేశారు. ముప్ఫై ఒకటో సెకనుకు బెల్టు మోటరు కరెంటు లాగింది. మధ్యలో ఎవరూ స్టార్టు బటను నొక్కలేదు. డబ్బాకు తిక్క రేగి తనంతట తానే బెల్టును కదిపింది. ఇంట్లో కూర్చుని అతికించిన సరుకు ఇలాగే ఉంటుంది. నేను డబ్బా తీసుకుని రెండు గంటలకు బయలుదేరతాను."

"డబ్బ యాడికీ పోదు," అంది అంబుజ. "నేను చూసినంక మాట్లాడుదాం."

"మీకు కెర్నెల్ అంటే తెలుసా మేడం?"

"తెల్వదు. తెలిసినోళ్లు చెప్తే ఇంట."

నేత్ర అప్పుడే తలెత్తింది. "ఇరవై ఒక్క సెకండ్లా?"

"అవును. స్విచ్ వేసినప్పటి నుంచి మోటరు కదిలేదాకా."

"నా డబ్బ నాలుగు సెకండ్లల లేస్తదక్కా. ఐదో సెకండుకు బటను ఎప్పుడు నొక్కుతరా అని కనిపెట్టుకొని కూసుంటది. ఇరవై ఒకటి దాంక దానికి ఏం పని?"

విశాల్ నవ్వాడు. "అంటే హ్యాంగ్ అయిందన్నమాట. ఆమే ఒప్పుకుంటోంది."

అంబుజకు ఆ నవ్వు నచ్చలేదు. నచ్చకపోవడం నేరానికి ఆధారం కాదు కాబట్టి లేచి పానెళ్లు చూపించమంది. యోగానంద్ ఫోను చూసుకుని, "మీరు చూస్తా ఉండండమ్మా, నేనిప్పుడే వస్తాను," అన్నాడు.

"పానెల్ తాళాలు ఎవరి దగ్గర ఉంటయ్?"

"సూగప్ప అనే ఫిట్టరు దగ్గరండి. ఒంటిగంటన్నరకు భోజనమయ్యాక పంపిస్తాను లెండి, మాట్లాడుదురు గాని." ఆఫీసులో ఉండే రెండో తాళాల గుత్తి నేత్ర చేతికి అందించి ఆయన వెళ్లిపోయాడు.

పానెళ్లంటే నిలువెత్తు ఇనుప బీరువాలు. నవమి నాడు ప్లాంటులో పనివాళ్లంతా తమ తమ మిషన్లకు విభూతి పట్టెలు వేసి కుంకుమ పెడతారు. పట్టె తలుపు మీద కాకుండా తలుపూ చట్రమూ కలిసే చోట అడ్డంగా, తాళానికి చుట్టుకున్నట్టు వేయడం ఇక్కడివాళ్ల అలవాటు. అది తనంతట తానే రాలిపోవాలి గానీ ఎవరూ తుడవరు. అంబుజ నాలుగు పానెళ్లూ తిరిగి చూసింది. ఒకటి, మూడు, నాలుగు చెక్కుచెదరలేదు. తాయప్ప పడ్డ బెల్టుదైన రెండోదాని మీద మాత్రం మూడు పట్టెలూ తలుపు అంచు వెంబడి తెగి ఉన్నాయి. ప్రమాదం జరిగాక పోలీసులు ఆ పానెల్‌కు బయటి నుంచి సీలు వేశారే గానీ తెరవలేదు. విశాల్ అరవై నాలుగు పేజీలూ పానెల్ తెరవకుండానే రాశాడన్న మాట.

గేటు పుస్తకం తెప్పించింది. నేత్ర చివరిసారి వచ్చింది పూజకు ముందురోజు, సోమవారం. తర్వాత ఆమె పేరు లేదు. గురువారం సాయంత్రం నాలుగింటికి ఇంకో పేరుంది.

"విశాల్ గారూ, ప్రమాదం శనివారం. మీరు గురువారమే వచ్చినరు. ప్రమాదం కాకముందే దర్యాప్తు షురూ చేసిన్రా?"

"వేరే పని. జీఎం గారిని కలవడానికి వచ్చాను." జవాబు తొందరగానే వచ్చింది గానీ గొంతు కాస్త తగ్గింది.

అంబుజ నేత్ర వైపు తిరిగింది. "నాకు అర్థమయ్యేటట్టు చెప్పు. కెర్నెల్ అంటే ఏంది? నువ్వు దాన్ని ఏం చేసినవ్?"

చెప్పడం మొదలుపెట్టగానే నేత్ర మారిపోయింది. రెండు రోజులుగా వంగిపోయిన భుజాలు తిన్నగా అయ్యాయి.

"డబ్బల అగ్గిపెట్టెంత చిప్పు ఉంటదక్కా. కరెంటు రాంగనే దాంట్ల ముందుగ లేచేది కెర్నెల్. లైటుగానీ మోటరుగానీ, ఏ తీగనైనా ముట్టే హక్కు దానికే. మిగతా ప్రోగ్రాములన్నీ దాన్ని అడగాలె. గా కెర్నెల్‌ను తయారు చేసేటప్పుడు అది మనల్ని అడుగుతది. కెమెరా కావాల్నా, ప్రింటరు కావాల్నా, పాట పెట్టాల్నా అని, మూడు వేలకు పైన సవాళ్లు. పెద్ద కంప్యూటరుల అన్నింటికీ అవునంటే ఏం గాదు. గింత చిప్పుల ఒక్కో అవునుకు జాగ పోతది, టైం పోతది. మనకు తెల్వని పని అది చేస్తుంటది. బోర్డు అమ్మే కంపెనీ అన్నింటికీ అవునని కొట్టి ఒక రెడీమేడ్ కెర్నెల్ ఇస్తది. చానా మంది దాన్నే పెట్టేస్తరు."

"నువ్వు?"

"నేను ఒక్కోటి చదివిన. వద్దన్నదానికి ఎందుకు వద్దో రాసుకున్న." నోటుబుక్కు ఇచ్చింది.

అంబుజ తిరగేసింది. వరస నంబర్లు. ప్రతి నంబరు పక్కన ఒకటి రెండు వాక్యాలు, పొందికైన అక్షరాలతో. నెట్‌వర్కు వద్దు, బయటివాళ్లు లోపలికి రాకూడదు. సౌండు వద్దు, హూటరుకు వేరే తీగ ఉంది. మూడు వందల పేజీలు. పదకొండు నెలల పని అని నేత్ర చెప్పింది. ఎవరూ చదవని చోట, ఎవరూ అడగని ప్రశ్నలకు ఇంత శ్రద్ధగా జవాబు రాసిన మనిషిని అంబుజ తన సర్వీసు మొత్తంలో చూడలేదు. ఈ పిల్లను రెండు గంటలకు జీపెక్కిస్తారా అనుకుంటే కోపం వచ్చింది.

"తాయప్ప ఒక మాట చెప్పిండు," అంది. "బెల్టు రెండు మాట్ల గుంజి, ఆగి, మళ్ల రెండు మాట్ల గుంజిందంట." పానెల్ తలుపు మీద వేలితో కొట్టి చూపించింది.

నేత్ర నోటుబుక్కు లాక్కుని పేజీలు తిప్పింది. ఒకచోట ఆగి అంబుజ ముందు పెట్టింది.

"1146. గుండె లైటు. వద్దు. బోర్డు కంపెనీవాళ్లు దీనికిచ్చిన పిన్ను మన డబ్బాలో బెల్టు మోటరును వేసే రిలేకు పోతుంది. అక్కడ తాయప్పన్న చెయ్యి ఉంటుంది."

"గుండె లైటంటే?"

"కెర్నెల్ బతికే ఉందని తెలిపేందుకు ఒక చిన్న లైటు, మనిషి గుండె తీరుగ కొట్టుకుంటది. రెండు కొట్టుడు, ఒక ఆగుడు. రెడీమేడ్ కెర్నెల్‌ల అది ఉంటది. నేను తీసేసిన." నోటుబుక్కు మూసింది. "అక్కా, గీ డబ్బల ఉన్నది నా కెర్నెల్ గాదు."

"ఊహ," అన్నాడు విశాల్.

"అయితే చూద్దాం. మీరూ ఉండుర్రి," అంది అంబుజ.

స్టేషనుకు ఫోను చేసి, ఇన్‌స్పెక్టరు ఒప్పుకున్నాక, కంట్రోల్ రూము ఆపరేటరును పిలిచి అతని సాక్షిగా సీలు తీయించింది. బెల్టు మోటరు ఫ్యూజులు పీకి బల్ల మీద పెట్టించింది. ఇప్పుడు డబ్బా ఏం చేసినా బెల్టు కదలదు, రిలే చప్పుడు మాత్రం వినిపిస్తుంది. నేత్ర ఒక సన్నటి వైరుతో తన ల్యాప్‌టాప్‌ను డబ్బాకు కలిపింది. అంబుజ గడియారం చూసి స్విచ్ వేసింది.

తెర మీద అక్షరాలు పారాయి. లేని కెమెరాను వెతికింది, లేని ప్రింటరును వెతికింది, లేని నెట్‌వర్కును వెతికింది. పది సెకన్లు, పదిహేను సెకన్లు గడిచాయి. విశాల్ తెర వైపు చూడటం మానేశాడు. సరిగ్గా ఇరవై ఒకటో సెకనుకు పానెల్ లోపల రిలే కొట్టుకోవడం మొదలైంది.

టక్ టక్. ఆగింది. టక్ టక్. ఆగింది.

దవాఖాన మంచం మీద తాయప్ప కొట్టి చూపిన చప్పుడు అదే. ఆపరేటరు తెలియకుండానే రెండడుగులు వెనక్కి వేశాడు.

నేత్ర స్విచ్ ఆపి, కెర్నెల్ ఉండే గోరంత మెమొరీ కార్డును డబ్బాలోంచి తీసి, తన సంచిలోని సొంత కెర్నెల్ కార్డు పెట్టింది. మళ్లీ స్విచ్ వేసింది. నాలుగు సెకన్లకు తెర మీద ఒక్క వాక్యం వచ్చింది, సిద్ధంగా ఉన్నానని. రిలే ఉలకలేదు, పలకలేదు. ఆ నిశ్శబ్దం వెనక మూడు వేల జవాబులున్నాయని ఇప్పుడు అంబుజకు తెలుసు.

"తీసిన కార్డు ఎవరిదో తెలుస్తదా?"

"తెలుస్తది. కెర్నెల్ తనను ఎవరు చేసిన్రో, ఏ మిషను మీద, ఏ టైంకు చేసిన్రో కడుపుల పెట్టుకుంటది. రెడీమేడ్ జవాబులతోని చేసేటోళ్లు గది చూడరు." నేత్ర ఆ కార్డును ల్యాప్‌టాప్‌కు తగిలించింది. ఒక లైను కనిపించింది. బుధవారం, సాయంత్రం ఆరు గంటల పది నిమిషాలు. పేరు విశాల్.

విశాల్ బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాడు. నిపుణుడు పోయి, పరీక్షలో దొరికిపోయిన కుర్రాడు మిగిలాడు.

"ఎవరికీ హాని చేయాలని కాదు మేడం. జీఎం గారు ఇంట్లో కూర్చుని ఫోనులో బెల్టులు చూడాలన్నారు. నేత్రను అడిగితే నెట్‌వర్కు పెట్టనందట. నన్ను పిలిచారు. బోర్డు కంపెనీ ఇచ్చిన జవాబులన్నీ అలాగే ఉంచి, నెట్‌వర్కుతో సహా నా మిషను మీద కెర్నెల్ తయారు చేసి ఎక్కించాను. ప్లాంటు ఆగి ఉంది, మోటరుకూ రిలేకూ కరెంటు లేదు, డబ్బాకు మాత్రం విడిగా బ్యాటరీ పెట్టి చూశాను. ఫోనులో బొమ్మ వచ్చింది, సంతోషంగా వెళ్లిపోయాను."

"తాళం ఎవరు తీసిన్రు?"

"సూగప్ప. జీఎం గారు పక్కనే నిలబడి తీయించారు. అక్కడ ఉన్నది మేం ముగ్గురమే."

"బెల్టు ఎందుకు కదిలిందో మీకు ఎప్పుడు తెలిసింది?"

"నిన్న. నా దగ్గరున్న బోర్డు మీద లైటు చూడగానే తెలిసింది. జీఎం గారికి వెంటనే ఫోను చేశాను. అంతా వివరంగా చెప్పాను. ఇది మన ముగ్గురితోనే ఆగిపోవాలి, రిపోర్టు ఆ పిల్ల మీద రాయండి అన్నారు." నేత్ర వైపు చూడలేకపోయాడు. "మూడు వేలకూ జవాబు రాశావని తెలిస్తే నీ డబ్బా ముట్టేవాణ్ని కాదు. నేనైతే మొదటి పేజీ కూడా చదవలేదు."

అది క్షమాపణో మెచ్చుకోలో అతనికే తెలియదు. నేత్ర ల్యాప్‌టాప్ నుంచి ఆ కార్డు తీసి అంబుజ చేతికిచ్చింది.

"ఇలాంటి కార్డు ఇంకోటి ఉంది. అదీ మీకే ఇస్తాను," అని అతను సంచి విప్పాడు. లోపలి అర తెరిచాడు. ఖాళీ. పక్క అరలు వెతికాడు, సంచి బోర్లించాడు. "పొద్దున ఉంది మేడం."

"సంచి ఎక్కడ పెట్టిన్రు?"

"జీఎం గారి గదిలో. ఇందాకే తెచ్చుకున్నాను."

అంబుజ గడియారం చూసింది. ఒంటిగంటా నలభై. ఒంటిగంటన్నరకు రావాల్సిన సూగప్ప రాలేదు. ఆపరేటరును అడిగింది.

"ఊక గుంతల దిగిండమ్మా. స్క్రూకు గోనెసంచి చుట్టుకుందంట, కోసి తీయమని పెద్దసార్ పంపిండు."

నేత్ర అప్పటికే పరుగెడుతోంది. అంబుజ ఆ వయసులో పరుగెత్తగలిగినంత పరుగెత్తింది.

గుంత షెడ్డులో నాలుగో పానెల్ ఒక గోడకు, దాని మెయిన్ స్విచ్ ఎదుటి గోడకు ఉన్నాయి. మధ్యలో గుంత, దాని మీద ఇనుప జాలీ. పానెల్ తలుపు ఓరగా తెరిచి ఉంది, తాళానికి ఫిట్టరు గుత్తి వేలాడుతోంది. స్విచ్ దగ్గర యోగానంద్ ఇటు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. కింద ఎక్కడో సూగప్ప గోనె కోస్తున్న కత్తి చప్పుడు వినిపిస్తోంది.

నేత్ర అరవలేదు. అరిస్తే ఆ చెయ్యి ఏం చేస్తుందో ఆమె లెక్క వేసుకున్నట్టుంది. వంగి, పానెల్‌లోకి చెయ్యి పోనిచ్చి, డబ్బాలోని కార్డు లాగేసింది. కార్డు లేని డబ్బా లేవదు. లేవని డబ్బా ఏ తీగనూ ముట్టదు.

అదే క్షణంలో యోగానంద్ స్విచ్ పైకెత్తాడు.

అంబుజ గోడ పక్కనే ఆగిపోయింది. ఆయన గుంత వైపు తిరగలేదు, మణికట్టు పైకెత్తి గడియారం చూసుకున్నాడు. ఇరవై ఒక్క సెకన్లు దాటేదాకా చూశాడు. స్క్రూ కదల్లేదు. చిరాగ్గా స్విచ్ దించాడు. ఒక మనిషి స్విచ్ పొరపాటున ఒకసారి వేయవచ్చు. ఆయన రెండోసారి ఎత్తుతుండగా అంబుజ వెనక నుంచి వచ్చి ఆ మణికట్టు పట్టుకుంది.

ఆ తెల్ల చొక్కా మనిషి చెయ్యి విడిపించుకోలేదు. కింద నుంచి సూగప్ప గొంతు జాలీ దాటి పైకి వచ్చింది.

"యోగానంద్ సార్, పైన ఎవడో స్విచ్ తోని ఆడుతున్నట్టున్నడు. జర చూడుర్రి సార్, నేనింక లోపల్నే ఉన్న."